చెరువుగట్టున పాటల తిరునాళ్ళు

జూలై నెలాఖరు. స్కాట్లండ్‌లో దాన్ని ఎండాకాలం అంటారు. మనమైతే అనం! పొద్దున ఎండ కాస్తుంది, మధ్యాహ్నం మబ్బేస్తుంది, సాయంత్రానికి జల్లు. గొడుగు మరిచి బయటికెళ్ళిన పెద్దమనిషి తడిసి ముద్దయి ఇంటికి రావడం అక్కడ రోజూ ఉండే ముచ్చటే. అలాంటి దేశంలో, నెత్తిమీద కప్పు లేకుండా, రెండు రోజులపాటు పాటకచ్చేరీలు పెడతామని ఎవరైనా బయల్దేరితే ఏమంటాం? "వీళ్ళకేమైనా మతి పోయిందా?" అంటాం.

1994లో కొందరు సరిగ్గా ఆ పనే చేశారు. జూలై 30, 31 తేదీలు, శని ఆదివారాలు. ఆ తిరునాళ్ళ పేరు "టీ ఇన్ ది పార్క్".

పేరు వినగానే పార్కులో కూచుని తీరిగ్గా టీ తాగడం అనుకునేరు! నేనూ మొదట విన్నప్పుడు నవ్వుకున్నాను. టీ అంటే తేనీరు కాదు, ఇంగ్లీషు అక్షరం. గ్లాస్గో నగరంలో టెనెంట్స్ అనే బీరు కంపెనీ ఉంది. 1885 నుంచీ లాగర్ బీరు కాస్తున్న పాత ఇల్లు. సీసామీద ఎర్రటి టీ అక్షరం దాని గుర్తు. పండగ ఖర్చులో భాగం పంచుకున్నది ఆ కంపెనీయే. కాబట్టి పేరులోనూ దాని అక్షరమే ముందు కూచుంది. ఊరి తిరునాళ్ళలో పందిరి వేయించిన షావుకారు పేరు మైకులో పదేపదే చదవరూ? అలాగన్నమాట.

అంతకుముందు ఏముండేది?

ఇంగ్లండులో ఇలాంటి పండగలు కొత్త కాదు. గ్లాస్టన్‌బరీ దగ్గర మైకేల్ ఈవిస్ అనే రైతు తన పాడిపొలంలో 1970లోనే మొదలుపెట్టాడు. టిక్కెట్టు ఒక్క పౌను, పాలు ఉచితం! రెడింగ్ పండగ కూడా అప్పటికే పాతబడిపోయింది. మరి స్కాట్లండ్ కుర్రకారు సంగతి? ఆరుబయట రెండు రోజుల సంగీతం కావాలంటే బస్సో రైలో ఎక్కి వందల మైళ్ళు దక్షిణానికి పోవాల్సిందే. అక్కడ పాడేవాళ్ళలో తమ ఊరి బృందాలు ఉన్నాసరే, వాళ్ళ పాట వినడానికి పొరుగుదేశం వెళ్ళాలి. ఆ వెలితి ఎలాంటిదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

గ్లాస్గోలో మాత్రం ఒక పెద్ద రోజు గడిచింది. 1990 జూన్ 3న, ఆ ఊరిని యూరప్ సాంస్కృతిక నగరంగా ఎంచిన ఏడాది, "ది బిగ్ డే" పేరుతో వీధుల్లోనే ఉచిత కచ్చేరీలు పెట్టారు. జనం విరగబడి వచ్చారు. ఆ రోజున షీనా ఈస్టన్‌కి జరిగిన పరాభవం ఇప్పటికీ చెప్పుకుంటారు. మన సినిమా పాఠకులకు ఆవిడ కొత్త కాదు. 1981 నాటి జేమ్స్ బాండ్ చిత్రం "ఫర్ యువర్ ఐస్ ఓన్లీ"లో టైటిల్ పాట పాడటమే కాక టైటిల్స్‌లో తెరమీదా కనిపించిన గాయని. పుట్టింది గ్లాస్గో పక్కనే బెల్స్‌హిల్‌లో. అమెరికాలో స్థిరపడి పేరు తెచ్చుకుంది. సొంతగడ్డమీద మైకు పుచ్చుకుని అమెరికా యాసలో పలకరించేసరికి జనం ఈలలు, కేకలు... సీసాలు కూడా విసిరారు. చేసింది మర్యాద కాదు, ఒప్పుకుంటాను. కానీ పాట బాగుంటే చాలదు, పాడేవాళ్ళు తమవాళ్ళని కూడా అనిపించాలి అన్న పట్టుదల ఆ జనంలో ఎంతుందో దాంట్లో తెలుస్తుంది.

మూడువందలమంది పట్టే గది

ఇక అసలు మనుషుల దగ్గరికి వద్దాం. స్టువర్ట్ క్లంపస్ అనే ఆయన డండీ ఊళ్ళో డాన్స్ ఫ్యాక్టరీ పేరుతో కచ్చేరీలు నడిపేవాడు. ఆ రెండు మాటల మొదటి అక్షరాలే తర్వాత డీఎఫ్ కాన్సర్ట్స్ అనే కంపెనీ పేరయ్యాయి. 1990లో ఆయన గ్లాస్గోలో సెయింట్ విన్సెంట్ వీధిలో "కింగ్ టట్స్ వా వా హట్" అని ఒక చిన్న క్లబ్బు తెరిచాడు. పేరే చాంతాడంత, గది మాత్రం చిన్నది. కిక్కిరిస్తే మూడువందలమంది పడతారు. మెట్లెక్కి పైకి వెళితే ఎదురుగా స్టేజీ. పాడేవాడి చెమట వినేవాడిమీద పడేంత దగ్గర!

ఆ గదిలో 1993 మే 31న ఒక సంఘటన జరిగింది. మాంచెస్టర్ నుంచి వ్యానులో వచ్చిన కుర్రాళ్ళు కొందరు స్టేజీ ఎక్కి కొన్ని పాటలు పాడారు. ఆ రాత్రి కార్యక్రమంలో వాళ్ళ పేరే లేదనీ, పాడనిస్తారా లేదా అని దబాయించి మరీ ఎక్కారనీ చెప్పుకుంటారు. ఏదైతేనేం, క్రియేషన్ రికార్డ్స్ అధిపతి ఆలన్ మెగీ (ఈయనా గ్లాస్గోవాడే) ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. విన్నాడు. రికార్డు చేద్దాం రమ్మన్నాడు. ఆ కుర్రాళ్ళ బృందం పేరు ఒయాసిస్!

ఈ గదిని నడిపినవాళ్ళే ఆ పండగనీ తలపెట్టారు. క్లంపస్‌తోపాటు జెఫ్ ఎలిస్ అనే ఆయన. తర్వాతి కాలంలో పండగ భారమంతా మోసింది ఎలిస్సే. నాకు ఈ కథలో ముఖ్యమనిపించేది ఇక్కడే. వేలమందిని మైదానంలో కూడేయడం డబ్బున్న ఎవరైనా చేయగలరు. కానీ వీళ్ళకి ఏ రాత్రి ఎవరు పాడితే ఆ మూడువందలమంది ఊగిపోయారో గుర్తుంది. ఆ జ్ఞాపకాన్నే మైదానానికి పట్టుకెళ్ళారు. ప్రధాన వేదిక పక్కన ఒక డేరా వేసి దానికి తమ క్లబ్బు పేరే పెట్టారు.

నీళ్ళకింద ఊరు

చోటు ఎక్కడ దొరికింది? గ్లాస్గోకి ఆగ్నేయంగా, మదర్‌వెల్, హామిల్టన్ ఊళ్ళ మధ్య ఉన్న స్ట్రాత్‌క్లైడ్ పార్కు. పార్కు నడుమ పెద్ద చెరువు. 1986 కామన్‌వెల్త్ క్రీడల్లో పడవ పందేలు జరిగింది దాంట్లోనే. చూడ్డానికి దేవుడిచ్చిన సరస్సులా ఉంటుంది గానీ, మనుషులు తవ్వి నింపిందే. ఆ నీళ్ళ అడుగున ఒకప్పుడు బాత్‌వెల్‌హా అనే బొగ్గుగని కార్మికుల పల్లె ఉండేది. 1959లో గని మూతపడింది. జనం తరలిపోయారు, ఇళ్ళు కూలగొట్టారు, తర్వాత నీళ్ళు వచ్చాయి.

అంతేనా? కొద్ది మైళ్ళ దూరంలోనే రేవెన్స్‌క్రెయిగ్ ఉక్కు కర్మాగారం. ఆ ప్రాంతానికి అన్నం పెట్టిన తల్లి. అది 1992లో మూతపడింది. అంటే పండగ మొదలైన నాటికి ఆ చుట్టుపక్కల ఇళ్ళలో పని పోయిన తండ్రులూ, పని దొరకని కొడుకులూ ఉన్నారన్నమాట. బొగ్గు పోయింది, ఉక్కు పోయింది. అలాంటి చోటికి గిటార్లూ డ్రమ్ములూ లారీల్లో దిగాయి. పాట వల్ల ఉద్యోగాలు తిరిగొస్తాయని నేననను. కానీ ఎప్పుడూ ఏదో ఒకటి పోయిందన్న వార్తే వినే నేలకి, ఏదో ఒకటి వచ్చిందన్న వార్త కూడా అవసరమే కదా!

ఆ రెండు రోజులు

1994 పండగలో పాడినవాళ్ళ జాబితా చూస్తే ఇప్పుడు కళ్ళు తిరుగుతాయి. అమెరికా నుంచి రేజ్ అగెన్‌స్ట్ ది మెషీన్, ఐస్‌లండ్ నుంచి బ్యోర్క్, లండన్ నుంచి బ్లర్, గ్లాస్గో సొంత బృందం ప్రైమల్ స్క్రీమ్... బ్లర్‌కి అది ఉచ్ఛదశ మొదలైన ఏడాది. వాళ్ళ "పార్క్‌లైఫ్" ఆల్బం విడుదలై మూడు నెలలే అయింది.

మరి మన వ్యాను కుర్రాళ్ళో? ఒయాసిస్ ఆ రోజు పెద్ద వేదిక ఎక్కలేదు. పాడింది కింగ్ టట్స్ డేరాలోనే! మొదటి ఆల్బం "డెఫినెట్లీ మేబీ" బజారులోకి రావడానికి ఇంకా నెల్లాళ్ళుంది. ఆగస్టు చివర అది విడుదలయ్యాక ఇంగ్లండు, స్కాట్లండ్ అంతా వాళ్ళ పేరే. ఆ తర్వాత వాళ్ళని వినాలంటే పెద్ద స్టేడియంలో, చీమంత బొమ్మల్ని దూరంనుంచి చూడాల్సిందే. ఆ డేరాలో చొరబడినవాళ్ళు ఎంత అదృష్టవంతులు! ఆ కుర్రాళ్ళ పేరు విని, వీళ్ళ కథేమిటా అని వెనక్కి తవ్వుకుంటూ పోతేనే నాకు ఈ పండగ సంగతి తెలిసింది.

ఆ రెండు రోజుల్లో సంతోషమే కాదు, మనసు చివుక్కుమనే సంగతీ ఒకటుంది. వేల్స్ దేశపు బృందం మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్. నలుగురు మిత్రులు. శనివారంనాడు వేదికమీదికి ముగ్గురే వచ్చారు. నాలుగోవాడు రిచీ ఎడ్వర్డ్స్, వాళ్ళ పాటల్లో మాటలు చాలామటుకు రాసినవాడు, మానసికంగా చితికిపోయి ఆసుపత్రిలో ఉన్నాడు. రిచీ చేరాక ఆ బృందం ముగ్గురుగా పాడిన మొదటి కచ్చేరీ అదే. నలుగురు నిలబడే చోట ముగ్గురు నిలబడితే మిగిలిన ఖాళీ ఎంతగా కనిపిస్తుందో ఊహించుకోండి. రిచీ తర్వాత తిరిగొచ్చాడు. కొన్నాళ్ళు వాళ్ళతో కలిసి వాయించాడు కూడా. కానీ 1995 ఫిబ్రవరి 1న ఎటో వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు. మిగిలిన ముగ్గురూ ముగ్గురుగానే సాగారు. ఆ చెరువుగట్టున పడ్డ తొలి అడుగే వాళ్ళకి శాశ్వతమైన బాట అయిపోయింది.

రెండో ఏడు, మూడో ఏడు

మొదటి ఏడాది గడవడం ఒక ఎత్తు, రెండోసారి పెట్టగలగడం ఇంకో ఎత్తు. 1995 ఆగస్టు మొదటివారంలో మళ్ళీ అదే గట్టున పండగ. ఆసారి గమ్మత్తు ఏమిటంటే, నిక్ కేవ్ అనే ఆస్ట్రేలియా గాయకుడు చావులూ హత్యలూ నిండిన పాటలతో వచ్చాడు. మొహం చూస్తేనే భయమేస్తుంది. ఆయన పక్కన ఎవరు పాడారనుకున్నారు? కైలీ మినోగ్! చిలిపి డాన్సు పాటల బొమ్మలాంటి పిల్ల. ఇద్దరూ కలిసి పాడిన యుగళగీతంలో హతురాలు ఆవిడ, హంతకుడు ఆయన! మన సినిమాల్లో కూడా ఇలాంటి జోడీ కుదిర్చే ధైర్యం అరుదు. ఆ పాట రికార్డుగా బజారులోకి వచ్చింది తర్వాత అక్టోబరులో. వాళ్ళు మాత్రం ముందే వినేశారు.

1996 జూలైలో రేడియోహెడ్, పల్ప్ పెద్ద వేదికమీద ప్రధాన బృందాలు. దేశమంతా మారుమోగుతున్న పేర్లు. అయితే నా దృష్టిలో ఆ ఏటి పెద్ద వార్త వాళ్ళు కాదు. ఏ రికార్డు కంపెనీ చేతా ఇంకా సంతకం పెట్టించుకోని స్కాట్లండ్ కుర్ర బృందాలకోసం "టీ బ్రేక్" అనే ఏర్పాటు మొదలైంది. పేరులేనివాళ్ళకి పేరున్నవాళ్ళ పండగలోనే ఒక చోటు!

అదే నెలాఖర్లో రేవెన్స్‌క్రెయిగ్ కర్మాగారపు శీతల గోపురాలు మూడింటినీ మందుపాతర పెట్టి కూల్చేశారు. ఆ చెరువుగట్టున పండగ కూడా అదే ఆఖరు.

పాత విమానాల మైదానానికి

1997లో పండగ ఉత్తరానికి, కిన్రాస్ దగ్గర బలాడోకి తరలింది. రెండో ప్రపంచ యుద్ధంనాటి పాడుబడ్డ విమానాశ్రయం అది. దగ్గర్లోనే లెవెన్ సరస్సు, ఆ సరస్సు నడుమ దీవిలో కోట. స్కాట్లండ్ రాణి మేరీని 1567లో బంధించింది ఆ కోటలోనే. ఇక్కడ చోటుకి కొరత లేదు. జనం డేరాలు వేసుకుని అక్కడే పడుకుని, అక్కడే తిని, వానొస్తే అదే బురదలో ఆడారు. పోనుపోను రోజుకు 85,000 మంది దాకా వచ్చారంటే ఆ వారాంతానికి అదొక పట్నమే అనుకోవాలి.

డాన్సు సంగీతానికి కూడా ఒక ప్రత్యేకమైన డేరా వెలిసింది. దాన్ని నడిపింది "స్లామ్" అనే గ్లాస్గో జంట. తర్వాత ప్రపంచాన్ని ఊపిన ఫ్రాన్స్ జంట డాఫ్ట్ పంక్ తొలి రికార్డు 1994లో బయటికొచ్చింది వీళ్ళ సోమా కంపెనీ నుంచే. చూశారా, ఇక్కడా అదే వరస. పేరు రాకముందే పసిగట్టే చెవి!

ఇక టీ బ్రేక్ సంగతి. 2000లో ఆ చిన్న వేదికమీద కిల్‌మార్నాక్ ప్రాంతపు ముగ్గురు కుర్రాళ్ళు వాయించారు. ఒక రికార్డు కంపెనీ మనిషి విని వాళ్ళని పట్టుకున్నాడు. ఆ బృందం బిఫీ క్లైరో. 2014లో అదే పండగలో పెద్ద వేదికమీద ప్రధాన బృందంగా నిలబడింది వాళ్ళే! ఇంగ్లండు పోయి పేరు తెచ్చుకుని తిరిగిరానక్కర్లేదు, ఇక్కడే మొదలై ఇక్కడే పైకి రావచ్చు అని రుజువు కావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

బలాడోలో అదే చివరి ఏడు. మైదానం అడుగునుంచి పోయే చమురు గొట్టంవల్ల ప్రమాదమన్న భయంతో 2015లో స్ట్రాతల్లన్ కోట ఆవరణకి మారారు. కొత్త చోటు అచ్చిరాలేదు. రాకపోకలకి జనం అవస్థ పడ్డారు. 2016 తర్వాత పండగ ఆగిపోయింది. 2017లో అదే నిర్వాహకులు గ్లాస్గో నగరం నడిబొడ్డున ట్రాన్స్‌మిట్ అనే మరో పండగ మొదలుపెట్టారు.

బీరు కంపెనీ డబ్బుతో నడిచిన పండగని ఇంతగా మెచ్చుకోవాలా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కంపెనీ తన సరుకు అమ్ముకోవడానికే వచ్చింది, ధర్మానికి కాదు. కానీ డబ్బు పెద్ద వేదికకే చాలించుకుని ఉంటే అడిగేవాడు లేడు. పక్కన ఆ చిన్న డేరా వేయించింది మాత్రం మూడువందలమంది గదిలో రాత్రులు గడిపిన మనుషుల అభిరుచి. నన్నడిగితే, ఆ పండగని ఇరవైరెండేళ్ళు బతికించింది అదే.

అందుకే ఓ మాట. ఎక్కడైనా పాటకచ్చేరీ పోస్టరు కనిపిస్తే, పైన పెద్దక్షరాలు చదివి ఆగిపోకండి. అడుగున చీమల బారులా చిన్నక్షరాలుంటాయి చూడండి... కాస్త పెందలాడే వెళ్ళి వాళ్ళనీ వినండి!