రాతిని కడిగేసే వాన

"రాయిలా కూర్చున్నాడు, ఎండొచ్చినా వానొచ్చినా చలించడు" అని ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటూంటాం. నిజానికి ఎండకీ వానకీ చలించని రాయంటూ లేదమ్మా. ఏ చోట ఎలా చలిస్తుందన్నదే తేడా.

చలిప్రాంతం సంగతి ముందు చెప్పేస్తాను. ఫ్రిజ్‌లో ఐసు అరలో నిండు నీళ్ళ సీసా పెట్టి మరిచిపోతే పగిలిపోతుంది కదా! నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. లడఖ్ కొండల్లో వాన బహు తక్కువ. మంచు కరిగి నెర్రెల్లో చేరిన నీరే రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, రాతిని చీలుస్తుంది. ముక్కలు పదునుగా ఉంటాయి గాని రాయి మాత్రం ఆ రాయే.

ఇక మన హైదరాబాదు గుండ్లు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు అది. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పిసరంత పులుపెక్కుతుంది. నేలలోకి దిగి, పగుళ్ళలో చేరి, రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లిగా బంకమన్ను చేస్తుంది. మూలలకి మూడు వైపుల నుంచీ నీరు తగులుతుంది కనక అవే ముందు పోతాయి. నీళ్ళలో వేసిన బెల్లం అచ్చు కరగడం చూశారుగా, అలాగే! పెట్టెలాంటి బండ గుండవుతుంది. ఇదంతా భూమిలోపలే జరిగింది. పైమన్ను కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. బయటపడ్డవాటి మీద నీరు నిలవదు. వాన ఏడాదికి 80 సెంటీమీటర్లకు అటూ ఇటూ, అదీ చాలావరకు నాలుగైదు నెలల్లోనే. అందుకని ఇక అరగడం చాలా నిదానం. అంత నిదానాన్ని మనం ఇళ్ళ స్థలాల కోసం ఒక్క పూటలో పేల్చేస్తున్నాం, అది వేరే మాట.

తూర్పు కనుమల్లో కథ ఇంకొకటి. అరకు దగ్గర గాలికొండ, ఒడిశాలో కోరాపుట్ జిల్లా పంచపట్మలి, వీటి రాతిని ఖోండలైటు అంటారు. అక్కడి ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఆ ఎత్తుల్లో వేడీ, జోరువానా, నీరు దిగిపోయే వాటమూ, మూడూ కలిశాయి. కోట్ల ఏళ్ళలో వాన రాతిలోని సిలికాను కూడా కడిగేసింది. ఫిల్టరులో డికాషను దిగిపోయి పిప్పి మిగిలినట్టు, అల్యూమినియమూ ఇనుమూ నిండిన గుల్లరాయి మిగిలింది. అదే బాక్సైటు. మన వంటింటి అల్యూమినియం గిన్నె పుట్టేది అలాంటి రాతి నుంచే.

పంచపట్మలిలో తవ్వుతూనే ఉన్నారు. మనవైపు కొండల్లో ఇచ్చిన అనుమతులను ప్రభుత్వం 2019లో రద్దుచేసింది. ఆ గుల్లరాయి వాననీటిని పీల్చుకొని కింది ఊటలకు వదులుతుందనీ, దాన్ని తవ్వేస్తే ఊటలు ఎండిపోతాయనీ గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ ఊటల దగ్గరికి బిందె పట్టుకెళ్ళేది అక్కడా ఆడవాళ్ళే.