మధుమేహము - హృదయ రక్షణము

"నాకు నొప్పియే లేదు, మాత్రలెందుకు?" అని మన విద్యార్థుల తండ్రులు కొందఱు మాతో ననుచుందురు. ఈ మాటయే మమ్ము భయపెట్టుచున్నది.

ఆలేరు వాగునకు ఆనకట్ట కట్టి 1922లో పోచారము చెఱువును పూర్తిచేసిరి. దాని కాలువల క్రింద వరి విరివిగా పండుచున్నది. మన తాతలు జొన్నరొట్టె, గటక తిని దినమంతయు పొలమున శ్రమించిరి. నేడు రెండు పూటలును తెల్లని అన్నము. దున్నుట, కోయుట యంత్రముల పని. మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైగా నున్నారని 2023లో భారత వైద్య పరిశోధనా మండలి వారి పరిశీలనము తెల్పినది.

రెండవ రకపు మధుమేహమున ఇన్సులిన్ శరీరమునందున్నను తగినట్లు పనిచేయదు. నెత్తుట నిలిచిన చక్కెర రక్తనాళముల లోపొరను చెఱచును. అచ్చట క్రొవ్వు పేరుకొనును. అందుచే గుండెజబ్బు భయము ఇతరులకంటె సుమారు రెండింతలగును. నరములు మొద్దువాఱిన వారికి గుండెపోటు నొప్పి లేకయే రావచ్చును; చెమట, ఆయాసము, నీరసము మాత్రమే కానవచ్చును.

ఇందుకు మొదటి ఉపాయము కంచమునందే యున్నది. సగము కూరగాయలు, ఆకుకూరలు. పాతిక పప్పు లేక చేప. మిగిలిన పాతిక అన్నము లేక రొట్టె. జొన్నయందును పిండిపదార్థము కలదు గాన, దానినైనను మితముగనే తినవలెను. ఊరగాయతోఁ గూడ ఉప్పు దినమునకు 5 గ్రాములు మీఱరాదు. చుట్ట, బీడీ పూర్తిగా మానవలెను.

రెండవది నడక. పనిచేయు కండరము ఇన్సులిన్ సాయము కొఱవడినను నెత్తుటి చక్కెరను లాగికొనును. దినమునకు 30 నిమిషముల చొప్పున, వారమునకు 5 దినములు వడిగా నడచినఁ జాలును. చెప్పులు లేక నడువరాదు. పాదములను నిత్యము చూచుకొనవలెను. ఇన్సులిన్ గాని, చక్కెరను మిక్కిలి తగ్గించు మాత్రలు గాని వాడువారు కొంచెము బెల్లమో చక్కెరయో వెంట నుంచుకొనవలెను. ఎదలో బరువు తోఁచినచో నడక నాపి 108కు ఫోను చేయవలెను.

అయితే వీనితోనే సర్వము చక్కబడునని తలఁపరాదు. అమెరికాలో 5,145 మందిపై జరిగిన పరిశీలనము 2013లో వెలువడెను. మితాహార వ్యాయామములచే బరువును, చక్కెరయు, రక్తపుపోటును తగ్గినవి. గుండెపోట్లు మాత్రము చెప్పుకోఁదగినంత తగ్గలేదు. కావున వైద్యుఁడిచ్చిన మందులను, రక్తపుపోటు, కొలెస్టరాలు పరీక్షలను మానరాదు.

విద్యార్థులారా, ఈ సాయంకాలము మీ నాయనను, అమ్మను చేయిపట్టి నడకకుఁ దీసికొనిపొండు. మాత్ర వేసికొంటిరా యని యడుగుఁడు. శరీరము దేవుఁడు మనకప్పగించిన సొత్తు. దానిని కాపాడుటయు భక్తిలోని భాగమే.