ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు.. సోషల్ వర్కర్ అసలు ఏం చూస్తారంటే?

జగ్గయ్యపేట, నందిగామ: అమ్మానాన్నలు లేని పిల్లల్ని "మేం పెంచుకుంటాం" అంటూ ఎవరో ఒకరు తీసుకెళ్లడం పల్లెల్లో మామూలే. అయితే మాట మీద అప్పగిస్తే సరిపోదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం, ఫోస్టర్ కేర్‌కు పంపే నిర్ణయం బాలల సంక్షేమ కమిటీదే. దత్తతలా కాకుండా ఇందులో కన్నవాళ్లతో బంధం తెగిపోదు. పరిస్థితి చక్కబడితే బిడ్డ సొంతింటికి వెళ్లొచ్చు.

కమిటీ నిర్ణయానికి ఆధారం సోషల్ వర్కర్ నివేదికే. ఆదాయం, ఆరోగ్యం ఒక్కటే కాదు, ఇంట్లో అందరికీ ఇష్టమేనా అని కూడా ఆరా తీస్తారు. బిడ్డతో విడిగా మాట్లాడతారు. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే వీలైనంత వరకు ఒకే ఇంట్లో ఉండేలా చూస్తారు.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. పత్తి తీతలు, మిరప కోతలప్పుడు బడి మానిపించి పనికి పంపుతున్నారా? సొంత పిల్లలకో తిండి, ఈ బిడ్డకో తిండా? ఇవన్నీ కనిపెట్టాలి. కుటుంబాన్ని ప్రతి నెలా తనిఖీ చేయాలని చట్టమే చెబుతోంది. మిషన్ వాత్సల్య కింద నెలకు ఇచ్చే రూ.4,000 బిడ్డ కోసమే ఖర్చవ్వాలి.

2022 నుంచి ఈ రెండు ఊళ్లూ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఆసక్తి ఉన్నవాళ్లు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌ను సంప్రదించాలి. పిల్లలు ఇబ్బందుల్లో ఉన్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు.