మనిషి ప్రొటీన్‌ను బ్యాక్టీరియా చేసిపెడుతుంది... మీకు తెలుసా?

పరిశోధనశాలల ఫ్రీజర్లలో చిటికెన వేలంత ట్యూబులుంటాయి. లోపల కంటికి ఆనీ ఆనని తెల్లటి పొడి. లేబుల్ మీద ‘రీకాంబినెంట్ హ్యూమన్’ అని ఉంటుంది. అది మన ఒంట్లో ఉండే ప్రొటీనే, అయినా ఏ మనిషి నుంచీ తీసింది కాదు; మన జన్యువును వేరే జీవి కణాల్లో పెట్టి చేయించినది.

● సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను మొదట్లో 5 మిల్లీగ్రాములు రాబట్టడానికి దాదాపు 5 లక్షల గొర్రెల మెదళ్లు కావలసి వచ్చాయి! 1977లో అమెరికాలో ఇటకురా, రిగ్స్, బోయర్ బృందం దాని జన్యువును రసాయనాలతో తయారుచేసి ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టింది. కొద్ది లీటర్ల కల్చర్ నుంచే దాదాపు అంత హార్మోన్ వచ్చింది. మరుసటి ఏడాది ఇన్సులిన్ వంతు. 1982లో అది మందుగా అమెరికాలో అనుమతి పొందింది.

● మన జన్యువుల్లో చాలావాటిని ఉన్నవున్నట్టు ఇస్తే బ్యాక్టీరియా చదవలేదు. మధ్యమధ్య ఉండే ‘ఇంట్రాన్లు’ అనే అదనపు ముక్కలను తీసేసే ఏర్పాటు దానికి లేదు. అందుకే వాటిని ముందే తొలగించిన ప్రతిని ఇస్తారు.

● ప్రొటీన్లకు చక్కెర అణువులు తగిలించడం కూడా మామూలు ఈ.కోలైకి చేతకాదు. ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ వంటివాటికి అవి తప్పనిసరి. అలాంటి పనికి చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాలను వాడతారు. ఆ కణాలు 1957లో అమెరికాలో ఒకే ఒక్క జంతువు నుంచి మొదలయ్యాయి. ఈనాటికీ పెరుగుతూనే ఉన్నాయి.

● బ్యాక్టీరియాలో దాని సొంత ప్రొటీన్లే వేల రకాలు. వాటిలోంచి మనది ఒక్కటే ఎలా తీస్తారు? జన్యువులోనే చిన్న తోకకు ఏర్పాటు చేస్తారు: వరసగా ఆరు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు. హిస్టిడిన్‌కు నికెల్ అంటే మోజు. కణాలను పగలగొట్టి ఆ ద్రవాన్ని నికెల్ ఉన్న కాలమ్ గుండా పోస్తే తోక ఉన్నది అతుక్కుంటుంది, మిగతావి చాలావరకు జారిపోతాయి. తర్వాత ఇమిడజోల్ అనే రసాయనం పోస్తే మనది విడిపోయి వచ్చేస్తుంది. ఎంత తెలివైన ఆలోచన!

● నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ప్రొటీన్లను విడదీసి చూపే జెల్ పరీక్షలో 95 శాతం శుద్ధమని తేలినా సరిపోదు. ఈ.కోలై పైపొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్ ఆ జెల్ మీద కనబడకుండా మిగిలిపోగలదు. దాని జాడ పడితే చాలు, రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయి. మనిషి హీట్ షాక్ ప్రొటీన్ హెచ్‌ఎస్‌పీ-70 ఈ కణాలను ఉసిగొల్పుతుందని చాలామంది నమ్మారు. తీరా 2003లో చూస్తే, ఆ ప్రభావం ప్రయోగంలో వాడిన ప్రొటీన్‌లో మిగిలిన ఎండోటాక్సిన్‌దని తేలింది. శుద్ధి సరిగా లేకపోతే ఏళ్ల శ్రమ దారి తప్పుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

● ఈ ఎండోటాక్సిన్‌ను పట్టుకునే పరీక్షకు గుర్రపునాడా పీత నీలిరక్తం వాడుతూ వచ్చారు. ఇప్పుడు ఆ రక్తంలోని ‘ఫ్యాక్టర్ సి’ ప్రొటీన్‌ను కూడా రీకాంబినెంట్ పద్ధతిలోనే చేస్తున్నారు. పీతల ప్రాణానికి ఊరట.

● ఇక ఫ్రీజర్‌లోని ఆ ట్యూబును వాడేటప్పుడు, మూత తీసే ముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పాలి. మైక్రోగ్రాముల లెక్కన ఉండే పొడి మూతకే అంటుకుని పోవచ్చు. పొడిని ద్రవంలో కలిపాక చిన్న చిన్న భాగాలుగా పంచి గడ్డకట్టించాలి. మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే చాలా ప్రొటీన్లు పాడవుతాయి.

● ఈ విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వాక్-బి’ అనే హెపటైటిస్-బి టీకాను ఈ రీకాంబినెంట్ పద్ధతిలోనే, ఈస్ట్‌తో తయారుచేసింది. కాకపోతే అందులోది మనిషి ప్రొటీన్ కాదు, వైరస్ ప్రొటీన్.

● చివరగా ఒక మాట. పరిశోధనశాలల ఆ ట్యూబుల మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసి ఉంటుంది. మందుల కోసం చేసే ఇన్సులిన్‌కు జరిగే పరీక్షలు వీటికి జరగవు. కండలు పెరుగుతాయనో, వయసు తగ్గుతుందనో ఎవరైనా ఇలాంటి పొడిని అమ్మజూపితే, దయచేసి ఒంట్లోకి ఎక్కించుకోకండి.