చవకే సరే... వానొస్తే నీళ్లెక్కడిదాకా వస్తాయి?

గంపలగూడెం మండలం నెమలి పేరు చెప్పగానే వేణుగోపాలస్వామి గుడి గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి చదువుకనో ఉద్యోగానికనో బెజవాడ చేరి, అక్కడే అద్దెకుంటున్న వాళ్లు తక్కువేం కాదు. పెళ్లయ్యి, ఒక పిల్లో పిల్లాడో పుట్టేసరికి లెక్క మారిపోతుంది. సిటీ మధ్యలో కొనే స్తోమత లేదు. ఊరికి తిరిగెళ్లి రోజూ డ్యూటీకి రావడం జరిగే పని కాదు. ఇక మిగిలింది మధ్యదారి: సిటీ దాటి, ఊరివైపు కాస్త జరిగి ఇల్లు చూసుకోవడం.

ఆ మధ్యదారిలో ఏముందో చూడాలంటే తిరువూరులో విజయవాడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు. 30వ నంబరు జాతీయ రహదారి మీద మైలవరం, జి.కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం... ఆ తర్వాత 65వ నంబరు హైవే ఎక్కి గొల్లపూడి. సిటీ దగ్గరయ్యే కొద్దీ వెంచర్ల బోర్డులు పెరుగుతాయి. ‘సెంటు ఇంత’ అని ఒకడు, ‘గజం ఇంత’ అని ఇంకొకడు. (సెంటంటే 48.4 గజాలు. పోల్చే ముందు ఈ గుణకారం చేసుకోండి, కొన్ని ఆఫర్ల రంగు అక్కడే వెలిసిపోతుంది.)

ఆ బోర్డుల మీద ఎక్కడా కనిపించని పేరొకటుంది: బుడమేరు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట లాంటి చోట్ల ఇళ్లలోకి వచ్చిన నీళ్లు కొన్ని వీధుల్లో రోజుల తరబడి కదల్లేదు. సిటీలో కాస్త అందుబాటు ధరలో దొరుకుతాయని సామాన్యులు చేరిన పేటలే అవన్నీ. మునిగిన ఇళ్లకు కింద అంతస్తయితే 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు సాయం ప్రకటించింది ప్రభుత్వం. ఫ్రిజ్, మంచం, బీరువా, బండి, పిల్లల పుస్తకాలు అన్నీ పోయిన ఇంటికి 25 వేలు ఏ మూలకొస్తాయో మీరే చెప్పండి.

‘సింగ్‌నగర్ సంగతి మనకెందుకు, మనం చూసేది ఇటువైపు కదా’ అనుకుంటే పొరపాటే. బుడమేరు మైలవరం కొండల వైపు నుంచి వచ్చే వానలతోనే పొంగుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను డైవర్షన్ ఛానల్లోకి మళ్లించి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలుపుతారు. ఆ రోజుల్లో గండ్లు పడింది ఈ ఛానల్‌కే, అదీ జి.కొండూరు మండలం కవులూరు దగ్గర. పూడ్చడానికి ఆర్మీ రావాల్సొచ్చింది. పైగా అప్పుడే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వచ్చింది. కృష్ణ నిండుగా ఉంటే అందులో కలవాల్సిన బుడమేరు నీళ్లు ఎటు పోతాయి? వెనక్కి తంతాయి. అంటే మనం బస్సులో దాటొచ్చిన ఊళ్లకీ ఆ ఏటితో చుట్టరికం ఉంది. ఊరంతా మునుగుతుందని కాదు. ఒకే ఊళ్లో ఒక వీధి మెరకలో ఉంటుంది, పక్క వీధి పల్లంలో ఉంటుంది. ధర తక్కువ చెప్పేది ఎక్కువగా రెండో వీధిలోనే.

అందుకే సైట్ చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రోకర్ని అడగాల్సింది తర్వాత అడగొచ్చు. ముందు ఆ వీధి చివర కిరాణా కొట్టాయన్ని పలకరించండి. ‘బాబాయ్, మొన్న 2024లో ఇక్కడ నీళ్లెక్కడిదాకా వచ్చినయ్?’ అంటే గోడమీద వేలు పెట్టి చూపిస్తాడు. పాత గోడల మీద మరక చాలా చోట్ల ఇంకా ఉంటుంది. కొత్తగా రంగేసిన గోడొక్కటే ఉంటే, పక్కింటి గోడ చూడండి.

నీళ్లకి భయపడి కొండెక్కుదాం అనుకునేవాళ్లకి ఒక్క మాట. ఆ వానలకే మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కొండను తొలిచి చదును చేసిన స్థలం మెరకే, కానీ భద్రం కాదు.

ఇక డబ్బు లెక్క. కొండపల్లి అనుకుందాం, సిటీకి సుమారు 20 కిలోమీటర్లు. బండి మీద రోజూ పోనూరానూ 40, నెలకి 25 రోజులకి వెయ్యి. లీటరుకి 45 ఇచ్చే బండైతే పెట్రోలుకే దాదాపు 2,400. ఇద్దరూ ఉద్యోగస్తులై రెండు బళ్లు తిరిగితే 4,800. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల హోమ్‌లోన్ తీసుకుంటే, ఆ 4,800 ఈఎంఐ కింద అయిదున్నర లక్షల అప్పు తీర్చేస్తుంది! అంటే దూరంగా కొన్న ఇల్లు అయిదున్నర లక్షలైనా చవగ్గా రాకపోతే మిగిలేదేం లేదు. ఒక వెసులుబాటు మాత్రం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఇంటావిడ ఆఫీసు బస్సు దారిలో ఉంటే పై లెక్క సగానికి పడుతుంది. కాకపోతే సైట్‌ని పొద్దున పదింటికి కాదు, రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్లి చూడండి. చివరి బస్సు ఎప్పుడు? స్టాపులో దిగి ఇంటిదాకా లైట్లున్నాయా? ఆడపిల్ల ఒంటరిగా నడవగలిగే దారేనా? బ్రోషర్లో ‘గేటెడ్’ అని రాసున్నంత మాత్రాన గేటు దాకా ఉన్న అర కిలోమీటరు చీకటి పోదు.

ఇబ్రహీంపట్నం పక్కన థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, పరిటాల, దొనబండ వైపు కంకర క్వారీలున్నాయి. ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లో పసిపిల్లలో ఉంటే, గాలి ఎటునుంచి వీస్తుందో, లారీలు ఏ రోడ్డున తిరుగుతాయో కనుక్కోవాల్సిందే. డాబా మీద ఆరేసిన తెల్ల బట్టలు సాయంత్రానికి ఏ రంగులో ఉన్నాయో అద్దెకున్నవాళ్లనడగండి. ఓనర్ చెప్పడు.

కాగితాల విషయంలో ‘పంచాయతీ అప్రూవ్డ్’ అనే మాట దగ్గర ఆగండి. సీఆర్‌డీఏ పరిధిలో లేఅవుట్‌కి దాని అనుమతి నంబరు ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లకు మించో వేసే ప్రాజెక్టు అయితే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రాతపూర్వక అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని ఆ చట్టంలోనే ఉంది. ‘ఇవాళ కట్టకపోతే రేపు రేటు పెరుగుద్ది’ అని తొందరపెట్టేవాడికి ఈ ముక్క చెప్పి చూడండి. 30 ఏళ్ల ఈసీ తీయించి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోవాలి. వాగు పోరంబోకు స్థలాలు చేతులు మారేది ఇలా చూసుకోని వాళ్ల దగ్గరే.

ఇన్ని చూశాక కూడా మనసు ఊగిసలాడుతుంటే అదే వీధిలో ముందు అద్దెకి దిగండి. జూన్‌లో దిగితే అక్టోబరుకల్లా డ్రైనేజీ పని చేస్తుందో లేదో, కరెంటు ఎన్ని గంటలు పోతుందో, స్కూల్ వ్యాన్ గుంతల్లో ఆగుతుందో లేదో అన్నీ బయటపడతాయి. ఊళ్లో నాన్న ‘అద్దె కట్టే బదులు కొనెయ్యరా’ అంటారు, అననివ్వండి. ఆ అయిదు నెలల అద్దె మునిగే ఇంటి మీద కట్టే మొదటి రెండు ఈఎంఐలంత కూడా ఉండకపోవచ్చు.