రొంపకు రెడ్ సిగ్నల్ ఎప్పుడు?

ఏటా వచ్చి పోయే తుమ్ములే కదా అని చాలామంది మందుల షాపుతోనే సరిపెట్టుకుంటారు. రైళ్లు నడిపేవాళ్ల ఊరు ఖరగ్‌పూర్‌లో ఆ అలవాటు కాస్త ప్రమాదకరమే.

వానలు వెనకబట్టి దుర్గాపూజ పందిళ్లు లేచేసరికి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తుమ్ములు మొదలవుతాయి. పట్టాల పక్కన, ఖాళీ క్వార్టర్ల చుట్టూ వయ్యారిభామ నడుమెత్తు పెరిగి తెల్లగా పూస్తుంది. గడ్డిజాతులు పుప్పొడి దులిపేదీ అప్పుడే. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం ఛాతిమ్, అంటే మన ఏడాకుల పాల, పొద్దు వాలితే చాలు వీధంతా ఘాటెక్కిస్తుంది. వానాకాలం తడికి గోడలెక్కిన బూజు ఇంట్లోనే ఉంటుంది. చలి ముదిరితే ఎర్రమట్టి దుమ్ము, పొగ నేలబారుగా నిలిచిపోతాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇదే సొంతూరు. మథురాకాటి అయినా, నిమ్‌పురా అయినా రొంపకు సెలవు పెట్టడమంటే నామోషీ. డ్యూటీకి వెళ్తూ దారిలో మందుల షాపు దగ్గర ఆగడమే వైద్యం.

పొట్లంలో ఏముంది?

షాపువాడు స్ట్రిప్పులోంచి రెండు బిళ్లలు కత్తెరతో కత్తిరించి పొట్లం కట్టిస్తాడు. మందు పేరు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మింగేది సెట్రిజిన్ కావచ్చు, క్లోర్‌ఫెనిరమిన్ కావచ్చు, బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా కావచ్చు.

క్లోర్‌ఫెనిరమిన్ తుమ్ముల్ని ఆపుతుంది, దానితోపాటు కళ్లు మూతలు పడేలానూ చేస్తుంది. సెట్రిజిన్‌తోనూ కొందరికి మత్తు తప్పదు. ఇంట్లో పడుకునేవాడికి ఇది ఇబ్బంది కాదు. రాత్రి గూడ్సు ఎక్కే లోకో పైలట్‌కు, పట్టాలమీద నడిచే ట్రాక్‌మ్యాన్‌కు ప్రాణం మీదకొచ్చే సంగతి. అందుకే ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లు తమ డ్యూటీ ఏమిటో డాక్టరుకు ముందే చెప్పాలి. ఫెక్సోఫెనడిన్ లాంటి, మత్తు చాలా తక్కువగా ఉండే మందులున్నాయి.

స్టెరాయిడ్ బిళ్లది మరో దారి. ఒక్క పూటలో ముక్కు తెరుచుకుంటుంది కాబట్టి మళ్లీ అదే అడుగుతారు. అలా ఏళ్ల తరబడి వాడితే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. ముక్కు దిబ్బడకు వేసుకునే జైలోమెటాజోలిన్ చుక్కలు కూడా అయిదు రోజులు దాటితే ఎదురుతిరుగుతాయి. చుక్క పడితేగానీ ముక్కు తెరుచుకోదు.

గీత ఎక్కడ?

మామూలు జలుబు వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఎలర్జీలో జ్వరం ఉండదు. కళ్లు, ముక్కు, అంగిలి దురద పెడతాయి, ముక్కు నీళ్లలా కారుతుంది. ప్రపంచవ్యాప్తంగా వైద్యులు పాటించే ‘ఆరియా’ మార్గదర్శకాలు తుమ్ముల్ని లెక్కపెట్టవు. నిద్ర చెడుతోందా, పని లేదా చదువు కుంటుపడుతోందా అని అడుగుతాయి. ఒక్కటి అవునన్నా అది తేలిక ఎలర్జీ కాదు. వారంలో నాలుగు రోజులకు మించి, నాలుగు వారాలు దాటి సాగితే దీర్ఘకాలికం కిందే లెక్క. ఈ రెండు సందర్భాల్లోనూ డాక్టరును కలవాల్సిందే.

ఒకే ముక్కు బిగుసుకుపోవడం, రక్తం పడటం, ముఖంలో నొప్పితో జ్వరం రావడం ఎలర్జీ లక్షణాలు కావు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి, క్షయ లేదని తేలాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఛాతీ. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం మొదలైతే ఎలర్జీ ఊపిరితిత్తుల దాకా దిగిందని అనుమానించాలి. అది ఎంత ప్రమాదమో ఆస్ట్రేలియాలో తెలిసొచ్చింది. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఉరుముల గాలివాన వచ్చింది. గడ్డి పుప్పొడి పగిలి నుసిగా గాలిలో కలిసింది. వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు, 10 మంది చనిపోయారు. బాధితుల్లో చాలామందికి అంతకుముందు ఉబ్బసం ఉన్నట్టే తెలియదు, తుమ్ములొక్కటే తెలుసు. భారత సంతతివాళ్లు జనాభాలో తమ వాటాకు మించి వారిలో ఉన్నారు.

పెదాలు, నాలుక వాచినా, గొంతు బిగిసినా, పూర్తి వాక్యం మాట్లాడటానికి ఊపిరి చాలకపోయినా ఓపీ చీటీ కోసం క్యూలో నిలబడకూడదు. నేరుగా అత్యవసర విభాగానికే.

ఎక్కడికి, ఎప్పుడు?

రైల్వే ఉద్యోగులకు, వాళ్లమీద ఆధారపడ్డవాళ్లకు ఉమీద్ అనే రైల్వే వైద్య గుర్తింపు కార్డుతో రైల్వే ఆసుపత్రి ఉంది. రిటైరైనవాళ్లూ రైల్వే ఆరోగ్య పథకంలో చేరి ఉంటే అక్కడే చూపించుకోవచ్చు. మిగతావారికి ఊళ్లోని ప్రభుత్వ మహకుమా (సబ్‌డివిజనల్) ఆసుపత్రి, నది దాటితే మేదినీపూర్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లడం మేలు. చర్మం మీద గుచ్చి చేసే ఎలర్జీ పరీక్ష ఫలితం 20 నిమిషాల్లో తెలుస్తుంది. కాకపోతే తుమ్ముల బిళ్లలు దాదాపు వారం ముందే ఆపాలి, లేకుంటే పరీక్ష దారి తప్పుతుంది.

చాలామందికి డాక్టర్లు రాసేది ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. బిళ్లతో పోలిస్తే దీని మందు ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి కొట్టుకుంటే మందు నేరుగా మధ్య గోడకు తగలదు, రక్తం పడే అవకాశం తగ్గుతుంది. పూర్తి గుణం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి రెండు పూటలకే మానేయకూడదు. ఏటా పూజల వేళకే తుమ్ములు పట్టుకునేవాళ్లు డాక్టరును అడిగి మహాలయకు ముందే మొదలుపెడితే సరిపోతుంది.