పాత కారు ఇంజను తడబాటు: కారణాన్వేషణము



కారు నిలిచియుండగా ఇంజను సమలయతో తిరుగుచుండవలెను. పాతబడిన బండ్లలో అది వణకుచు, కుంటుచు, ఒక్కొక్కప్పుడు ఆగిపోవుచు నుండును. అట్టియెడ తొలుత కార్బ్యురేటరు మర త్రిప్పుట పలువురి వాడుక. అది రోగ మెరుగక మందు మ్రింగించుటయే. శబ్దము కొంత కుదురుకొనవచ్చును గాని అసలు దోషము మరుగుపడి, మరికొన్నాళ్లకు హెచ్చు వ్యయముతో బయటపడును.

నేను బడిలో వ్యాకరణము బోధించి విశ్రమించినవాడను. నాకొక పాత అంబాసిడరు కలదు. 2014లో ఆ కార్ల నిర్మాణ మాగిపోయినది గనుక ఉన్నదానిని కాపాడుకొనుటయే గతి. తార్కికులు చెప్పు అన్వయవ్యతిరేకము లిచ్చట చక్కగా ఉపయోగపడును. కారణ మున్నచో కార్య ముండుట అన్వయము. అది లేనిచో ఇది లేకుండుట వ్యతిరేకము.

ఆ 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో సిలిండర్లు నాలుగు. ఇంజను నాపి, ఒక ప్లగ్గు తీగను ఊడదీసి, దాని కొనను ఇంజను లోహమునకు తగిలించి, మరల నడిపింపుడు. నడక మునుపటికంటె క్షీణించెనా, ఆ సిలిండరు పనిచేయుచున్నదన్నమాట. మార్పేమియు లేదా, అదియే దోషి. నాలుగింటిని ఒక్కొక్కటిగా ఇట్లే పరీక్షింపుడు.

దోషి దొరికినచో దాని ప్లగ్గును ప్రక్క సిలిండరునకు మార్పుడు. దోషమును వెంట నడచినచో ప్లగ్గే కారణము. నడవనిచో తీగను మార్చి చూచి, పిమ్మట వాల్వులను పరీక్షింపవలెను. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లును పనిచేయనిచో వాని నడుమ హెడ్డు గాస్కెటు కాలియుండవచ్చును.

నాలుగును సమముగా పనిచేయుచున్నను తడబాటు మిగిలినచో, ఉమ్మడి కారణము వెదకవలెను. డిస్ట్రిబ్యూటరు పాయింట్ల ఎడము 0.35 మొదలు 0.4 మిల్లీమీటరు వరకు ఉండవలెను. పిమ్మట గాలి. బండి నిలిచియున్నప్పుడు ఇంజను పీల్చు గాలి స్వల్పము. గాస్కెటు సందున దొంగగాలి ఇంచుక చొచ్చినను పెట్రోలు మిశ్రమము పలుచనగును. వేగమున పోవునప్పుడు ఆ కొంచెపు గాలి లెక్కకు రాదు. కావున నిలిచిన కుంటుచు, పరుగిడిన బాగుండు బండిలో ముందుగా ఈ సందునే అనుమానింపుడు. రబ్బరుగొట్టపు ఒక కొనను చెవికి, రెండవ కొనను గాస్కెటు అంచులకు చేర్చినచో బుస వినవచ్చును. చోకు లాగగా ఇంజను కుదుటపడుట మరియొక సాక్ష్యము. అయినను తుదినిర్ణయము కాదు. జెట్టులో నలుసు అడ్డుపడినను అట్లే యగును. నల్లపొగ వెడలినచో మిశ్రమము చిక్కనైనదని యెరుగుడు.

ఇవన్నియు సరిపడిన పిమ్మటనే కార్బ్యురేటరు మరపై చేయి వేయవలెను.

ఈ పరీక్షలు ఆరుబయటనే చేయవలెను. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. మూసిన షెడ్డులో అది ప్రాణము తీయును. ఇంజనుపై వంగుటకు ముందు, నావలె ఉత్తరీయము ధరించువారు దానిని తీసి దూరముగా పెట్టుడు. ఫ్యాను రెక్కలు దానిని క్షణములో లాగుకొనును.